అంజి గిన్నెకు కళాయి

పిల్లప్ప కుడిచెయ్యి మోచేతిదాకా గుండిగ లోపల ఉంది. కళ్ళు మూసుకుని వేళ్ళతో లోపలంతా తడుముతున్నాడు. కళాయి వేసిన తగరం పూత ఉన్నచోట వేలు నున్నగా జారుతుంది. పోయినచోట ఇత్తడి పచ్చిగా, కొంచెం జిగటగా తగులుతుంది. కంటికంటే వేలికే అది ముందు తెలుస్తుంది. అంచు నుంచి జానెడు కిందికి వచ్చేసరికి వేలు ఆగింది. అక్కడ గోటితో గీకి, చెయ్యి బయటికి తీశాడు. గోటి కింద పచ్చటి చిలుము.

"చూడు తిమ్మక్కా," అని వేలు చాచాడు.

"ఏం చూసేది? బువ్వ పథకం పెట్టినప్పటి నుంచి ఇదే గుండిగలో వండతా ఉండాను. ఇంతమంది పిలకాయలు తింటా ఉండారు. ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?"

"నా బిడ్డకయ్యింది."

"చిలుము నీ బిడ్డనొక్కదాన్నే ఎతుక్కుంటా పోయిందా? మిగతావాళ్ళవి ఇనప కడుపులా?"

తమిళ సీమలో, సూళగిరి పక్కన గుట్ట కింది తెలుగు ఊరు అది. బడి వెనక రేకులు కప్పిన చిన్న చావడిలో తిమ్మక్క పిల్లలకు మధ్యాహ్నం బువ్వ వండుతుంది. మొగుడు పోయాక ఆమెకు దొరికిన నిలకడైన పని ఇదొక్కటే. పొయ్యి బూడిద కూడా వారగా ఎత్తి దాచుకునే మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని నీ గుండిగ మురికిదంటే ఊరుకుంటుందా?

కానీ పిల్లప్ప కళ్ళ ముందు నిన్నటి మధ్యాహ్నమే ఉంది. ఏడేళ్ళ కూతురు అంజనమ్మ, ఇంట్లో అందరికీ అంజి, బడిలో బువ్వ తిని చెయ్యి కడుక్కునే లోపలే దాని పెదవులు ఉబ్బిపోయాయి. కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఒళ్ళంతా దద్దుర్లు. కక్కుకుని, కక్కుకుని వరండాలో పడుకుంది. సాయంత్రానికి అంతా దిగిపోయింది. ఈ పొద్దున రాగి అంబలి తాగి, ఏమీ జరగనట్టు పలక చంకలో పెట్టుకుంది. పిల్లప్ప పలక లాక్కుని, బిడ్డను ఇంట్లో ఉంచి, తను బడికి వచ్చాడు.

గొడవ విని లక్ష్మణప్ప అయివారు పాఠం ఆపి వచ్చాడు. ఉన్న ఒక్క అయివారూ ఆయనే. రోజూ హోసూరు వైపు నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తాడు.

"ఏంది ఈడ గలాటా?"

"గుండిగకు కళాయి పోయిండాది అయివారా. పులుసేస్తే చిలుము ఊరతాది. అదే నా బిడ్డకు ఇసమైపోయింది. నాకియ్యండి. రేపు ఆదివారం గదా, సోమవారం పొద్దుకు కొత్తదాని మాదిరి తెచ్చిస్తాను."

"తీసుకుపోప్పా. దానికింత అరుపులెందుకు?"

పిల్లప్ప గుండిగను తలమీద బోర్లించుకుని బయలుదేరాడు. వెనక నుంచి తిమ్మక్క అంది, "చూసుకోని పో అబ్బా! మురికి గుండిగ, తలకు అంటుకుంటాది."

*

పిల్లప్పకు కళాయి పని ఎవరూ నేర్పలేదు. వాళ్ళ నాయన గుట్టమీద బండలు కొట్టేవాడు. చిన్నప్పుడు కృష్ణగిరి సంతలో ఒక ముసలి సాయిబు కొలిమి దగ్గర పిల్లప్ప పొద్దంతా నిలబడేవాడు. సాయిబు అతనితో అన్న మాట ఒక్కటే, "నిలబడితే నిలబడు గానీ, పాత్రమీద నీడ పడనీకు." నీడ పడకుండా నిలబడి చూసినంత చూశాడు. ఇంటికొచ్చి అమ్మ చెంబు కాల్చి అడుగు ఊడగొట్టాడు. తిట్లు తిని మళ్ళీ కాల్చాడు. ఎంత ఎర్రబడితే చాలో, తగరం ఎప్పుడు కరిగి పాలలా పారుతుందో, తగరం పట్టుకునేందుకు నవాసాగరం పొడి ఎంత చల్లాలో, ఏ నిమిషంలో దూదితో తిప్పాలో అన్నీ అలా చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే. పెద్దయ్యాక మత్తూరు సంత నుంచి కల్లావి సంతదాకా కొలిమి మూట మోసుకుని తిరిగాడు.

అతని పనిలో సొంతంగా కనిపెట్టుకున్న మెళకువ ఒకటి ఉంది. కళాయి వేసిన పాత్రను ఎవరైనా చన్నీళ్ళలో ముంచి, బూడిద రాసి ఇచ్చేస్తారు. నవాసాగరం పొగ వాసన నాలుగు పూటల వంటదాకా పోదు. పిల్లప్ప మాత్రం పాత్ర గోరువెచ్చగా ఉండగానే గానుగ చెక్క పొడితో రుద్దేవాడు. వేరుశనగ నూనె తీయగా మిగిలే చెక్క అది, పశువులకు పెడతారు. గుర్రప్ప గానుగ దగ్గర తెచ్చుకుని, మెత్తగా దంచి, డబ్బాలో పోసి పెట్టుకునేవాడు. ఆ పొడి వాసనను పీల్చేసి, మెరుపును పైకి తెచ్చేది. ఆ డబ్బా ఎవరికీ ముట్టనిచ్చేవాడు కాదు. సంతల్లో ఆడవాళ్ళు పాత్రను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది పిల్లప్ప కళాయి" అనేవారు. అతను ఊఁ అని కూడా అనేవాడు కాదు. అది విన్నాక ఇంకో పాత్ర అందుకునేవాడు, అంతే.

ఆ ఆదివారం పిల్లప్ప గుండిగలోకి దిగి, ఇసుకా గుడ్డపేలికలూ పాదాల కింద వేసుకుని, నడుము అటూ ఇటూ తిప్పుతూ లోపలంతా ఒరిపిడి పెట్టాడు. పెళ్ళాం మంజులమ్మ కొలిమి తిత్తి కొట్టింది. తగరం కరిగి అడుగంతా వెన్నెలలా పరుచుకుంది. చెక్క పొడితో రుద్ది తుడిచాక, దూరంగా కూర్చున్న అంజిని పిలిచి, చంకల కింద చేతులు వేసి పైకెత్తి లోపల చూపించాడు.

"ఎవురుండారు దాంట్లో?"

"నేను! నాయనా, నా మొగం ఎంత లావుండాదో!"

కిందికి దింపాక దాని చేతులమీద, అతను పట్టుకున్నచోట, చిన్న చిన్న దద్దుర్లు కనిపించాయి. "గోడవారన కూసోవద్దంటే ఇనదు. చీమలు కుట్టినట్టుండాయి," అంటూ మంజులమ్మ కొంగుతో తుడిచింది.

సోమవారం గుండిగ తెచ్చి దించితే తిమ్మక్క దానివైపు చూడను కూడా చూడలేదు. "ఆడ పెట్టు," అంది.

*

అంజి మళ్ళీ బడికి పోయింది. ఏమీ కాలేదు. వానలు వచ్చాయి, పోయాయి. బొగ్గు ముక్కతో కొలిమి పక్క గోడమీద అది 'చెంబు' అని రాసింది, 'గుండిగ' అని రాసింది. ఏది ఏదో పిల్లప్పకు తెలియదు. కానీ గోడకు సున్నం కొట్టేటప్పుడు ఆ రెండు మాటలనూ వదిలి కొట్టాడు. తన వంశంలో అక్షరం పట్టిన చెయ్యి అదొక్కటే.

కళాయే బిడ్డను కాపాడిందని అతనికి గట్టి నమ్మకం. పాత్రల సంగతి తెలిసినవాడికి రోగం పాత్రలోనే కనిపిస్తుంది. ఇంకో చోట వెతకాలని తోచలేదు.

పంటలు ఇంటికొచ్చే రోజులు. పిల్లప్ప కొలిమి ముందు కూర్చుని ఒక చెంబు అడుగు గీకుతున్నాడు. తిమ్మక్క భుజాన అంజిని వేసుకుని, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చింది.

"పిల్లప్పా! బిడ్డను పట్టు! బస్సుకు పో బేగ!"

అంజి ముఖం ముఖంలా లేదు. గొంతులో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నటి కూత. పిల్లప్ప బిడ్డను ఎత్తుకుని రోడ్డుమీదికి ఉరికాడు, వెనకే మంజులమ్మ. బస్సు రావాలి. రోడ్డు ఖాళీగా ఉంది. దాని వీపు నిమరడం తప్ప ఏం చేయాలో తెలియలేదు. చెయ్యి నిమురుతూనే ఉంది, కూత వినపడుతూనే ఉంది. బస్సెక్కాక పక్క సీటు ముసలమ్మ, "దిష్టమ్మా ఇది, మిరపకాయలు తిప్పేయండి," అంది. వెనక సీటాయన పిత్తం అన్నాడు. ఇంకొకరు అంగాళమ్మకు మొక్కుబడి ఏమైనా ఉందేమో గుర్తు చేసుకోమన్నారు. పిల్లప్ప అందరికీ తల ఊపాడు. వాళ్ళ మాట వినకపోతే బస్సు ఆగిపోతుందేమో అన్నట్టు ఊపాడు.

కృష్ణగిరి ఆస్పత్రిలో డాక్టరు సూది వేశాడు. కొంతసేపటికి కూత తగ్గింది. ఆయన మంచివాడే, ఓపికగా తమిళంలో చెప్పాడు. ఈ పిల్లకు ఏదో తిండి పడటం లేదని.

"ఏది సామీ?"

"నాకెట్ల తెలుస్తుంది? ఏం తిన్నది?"

"బడిలో అందరూ తిన్నదే తినింది."

"అందరికీ పడుతుంది. ఈమెకు పడదు. ఏది తింటే వస్తావుందో కనిపెట్టి, అది పెట్టకండి. మళ్ళీ వస్తే ఇంతసేపు ఆగకుండా తీసుకురండి."

"ఆగలేదు సామీ," అన్నాడు పిల్లప్ప. "బస్సు రావల్ల గదా."

డాక్టరు కొంచెంసేపు అతని వైపు చూసి, ఇంకో రోగి దగ్గరికి పోయాడు.

మరునాడు పిల్లప్ప బడి చావడికి వెళ్ళి, ముందు గుండిగలో చెయ్యి పెట్టి చూశాడు. కళాయి ఎక్కడా చెదరలేదు. తను వేసినట్టే అద్దంలా ఉంది. తిమ్మక్క పక్కనే నిలబడి చూసింది.

"నిన్న ఏం వండినావు తిమ్మక్కా?"

"బువ్వ. గుమ్మడికాయ పులుసు."

"అంతేనా?"

"అంతే. ఇంగేముంటాది మన పళ్ళికూటం బువ్వలో, పాయసమా?"

ఇంటికొచ్చి చెప్పాడు. మంజులమ్మ పెరట్లో పాకిన గుమ్మడి తీగను కాయలతో సహా వేళ్ళు పెరికి దిబ్బలో పారేసింది. అంగాళమ్మ గుడికి పోయి బూడిద తెచ్చి బిడ్డ నుదుట పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది. గుమ్మడికాయ పులుసు ఇంట్లో ఎన్నోసార్లు చేసింది. అంజి గిన్నె నాకి మరీ తిన్నది.

అయివారు కబురు పెట్టాడు. కోపంగా కాదు, భయంగా మాట్లాడాడు. "పిల్లప్పా, ఆడబిడ్డ. నా బడిలో ఏమన్నా అయితే నేనేం జవాబు చెప్పేది? ఇంటికాడ పెట్టుకో. చదువుకు తొందరేముంది?"

"బడి బువ్వ పెట్టొద్దు అయివారా. ఇంటినుంచే తెచ్చుకుంటాది. కూసుంటాది, చదువుకుంటాది, వస్తాది. అంతే."

అయివారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. ఇంగొక్కసారి ఇట్లయితే మాత్రం పేరు కొట్టేస్తా. నన్ను తిట్టుకోవద్దు."

*

మంజులమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మూతగిన్నె ఒకటుంది. పిల్లప్ప దానికి తన చేతనైనంత గొప్ప కళాయి వేశాడు. మూత లోపలికి కూడా వేశాడు. మూత అంచు లోపలికి మడిచి ఉంటుంది. నవాసాగరం వాసన ఆ మడతలో దాగితే బిడ్డ ముక్కు చిట్లిస్తుందని, చెక్క పొడిని గుడ్డకొసతో అందులోకి కూరి కూరి రుద్దాడు. పైన నీళ్ళు పోసి కడిగాడు. గిన్నె వెండిలా మెరిసింది. మంజులమ్మ అందులో రాగి సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి, అనపగింజల పులుసు పోసింది. నిన్న రాత్రి అందరూ తిన్న పులుసే. పులుసులో నూనె కూడా ఇంటి నూనె. మంజులమ్మకు చేలో కూలి కింద రాగులూ వెర్రినువ్వులే వస్తాయి. ఆ వెర్రినువ్వుల నూనె తప్ప ఇంకో నూనె ఆ ఇంట్లోకి వచ్చింది లేదు.

అంజి గిన్నెను రెండు చేతులా పట్టుకుని, ఊరందరికీ కనబడేలా నడిచిపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ తిమ్మక్కే పరుగెత్తుకొచ్చింది. భుజంమీద అంజి తల వాలిపోయి ఉంది.

బస్సు కోసం చూడలేదు. పిల్లప్ప రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. బండరాళ్ళ లారీ ఒకటి బూతులు తిడుతూ ఆగింది. డ్రైవరు బిడ్డను చూసి తిట్లు మింగి, తలుపు తీశాడు. దారి పొడుగునా అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. తిమ్మక్క హడావుడిలో చేతికిచ్చిన మూతగిన్నె పిల్లప్ప ఒళ్ళో ఉంది. సంగటి సగం అలాగే ఉంది. ఇంటి సంగటి, ఇంటి పులుసు, ఇంటి గిన్నె, తన కళాయి. ఇక దేన్ని అనుమానించాలి? బిడ్డకు అన్నమే పడదా? గాలే పడదా? అంజి పెదవులు నల్లబడుతున్నాయి. ప్రపంచంలో ఏ లోహం ఎంత వేడికి కరుగుతుందో తెలిసిన చేతులు ఊరికే గిన్నెను పట్టుకుని ఉన్నాయి.

సూదిమందు పని చేసింది. రెండు రోజులు ఆస్పత్రి నేలమీద పడుకున్నారు. ఈసారి డాక్టరు, "ఇంకా కనిపెట్టలేదా?" అని మాత్రం అడిగాడు.

ఊరికొచ్చేసరికి మాట తమకంటే ముందు ఊరు చేరి ఉంది. బడి బువ్వ కాదు, ఇంటి బువ్వే తిన్నది, కాబట్టి తప్పు కళాయిదే అని. ఇంటి ముందు కళాయి వేసిన చెంబులూ గిన్నెలూ బోర్లించి పెట్టి ఉన్నాయి. ఆ కళాయి గీకి తీసెయ్యమని. ఎదురింటి అంకప్ప తన బిందెను కాలితో ఇటు నెట్టి, "నీ కళాయి నీ బిడ్డకే పడకపోతే మా పిల్లోళ్ళకెట్ల పడతాదప్పా?" అన్నాడు.

పిల్లప్ప ఆ బిందెను ఎత్తి కొలిమి పక్కన పెట్టాడు. అంకప్ప అన్నది నిజమేనేమో అనిపించింది.

*

మరునాడు పొద్దున తిమ్మక్క వచ్చింది. అంజి లోపల నిద్రపోతోంది. పిల్లప్ప ఆ మూతగిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. కొలిమి వెలిగించలేదు. మంజులమ్మ గడపలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఒలిచినవే మళ్ళీ ఒలుస్తోంది.

"బిడ్డ ఎట్లుండాది?"

"నిద్రపోతా ఉండాది."

"నా గుండిగ మింద పడినావే పిల్లప్పా ఆ పొద్దు. వేలు పెట్టి, గోరు పెట్టి, అయివారి ముందర. ఇప్పుడు నేను పెట్టేదా గోరు?"

"పెట్టు తిమ్మక్కా."

ఎగతాళికే అన్నది గానీ, అతను అలా అనేసరికి ఆమెకు ఏం చేయాలో తోచక నిజంగానే గిన్నె అందుకుంది. ముందు లోపల వేలు తిప్పింది. తర్వాత మూత తీసి, అంచు మడతలో గోరు పెట్టి చుట్టూ లాగింది. గోటి కింద పసుపు పచ్చటి పొడి, తడికి ముద్దగా. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేంది? శెనక్కాయల వాసన."

"గానుగ చెక్క. మెరుగు పెట్టేదానికి."

"దీన్ని పూసినావా బిడ్డ గిన్నెకు?"

"అన్నిటికీ పూస్తాను. శానా ఏండ్లుగా."

తిమ్మక్క గోటివైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లిగా కూర్చుంది. "ఆ పొద్దు గుమ్మడికాయ పులుసులో నేను గూడా ఏసినాను."

"ఏమేసినావు?"

"శెనక్కాయలు. ముత్తప్ప కళ్ళంలోనుంచి పిలకాయలకని ఒగ మూట పంపించినాడు గదా. ఏంచి, పొడి కొట్టి, చిక్కదనానికి పులుసులో ఏసినాను. మొదటిసారి బిడ్డ పడిపోయినప్పుడు గూడా పోయినేటివి అడుగున మిగిలుంటే ఊడ్చి ఏసినాను."

"ఏం వండినావని అడిగితే చెప్పలేదేమక్కా?"

"అదొక వంటేనా అబ్బా? పులుసులో ఉప్పేసినానని చెప్తానా?"

గడపలో మంజులమ్మ చేతులు ఆగిపోయాయి. "మాటలొచ్చిన కొత్తలో," అంది, "ఎవురో ఏంచిన శెనక్కాయ నోట్లో పెడితే ఉమ్మేసి ఏడిచింది. నోట్లో చీమలు పారతా ఉండాయమ్మా అనింది. దానికి ఇష్టం లేదేమో అనుకోని మళ్ళీ పెట్టలేదు."

చీమలు అన్న మాట వినగానే పిల్లప్ప తన అరచేతులు చూసుకున్నాడు. గుండిగలో మొహం చూపించడానికి ఎత్తిన రోజు. చేతులమీద దద్దుర్లు. ఆ రోజొక్కటేనా? పని ముగించి బిడ్డను ఎత్తుకున్న ఎన్ని సాయంత్రాలు మంజులమ్మ దోమలనీ చీమలనీ అన్నది? గానుగ చెక్క అతని గోళ్ళలో, చేతి గీతల్లో ఎప్పుడూ ఉంటుంది.

"మరి గుండిగ?" అన్నాడు, ఏట్లో కొట్టుకుపోయేవాడు దొరికిన కర్ర పట్టుకున్నట్టు. "గుండిగకు గూడా పూసినాను గదా. అప్పుడేం కాలేదే?"

"నువ్వు ఆడ పెట్టి పోయినాక, నీ మింద కోపంతో మూడుమాట్లు తోమినాను. చింతపండేసి, బూడిదేసి, వేడినీళ్ళు కాంచి. నా గుండిగను మురికిదంటాడా, ఈని చెయ్యి తగిలినంత మేరా తోమి పారేస్తానని."

వీధిలో ఎవరిదో బండి పోయింది.

"అదేనంటావా?" అంది మంజులమ్మ.

"తెలీదు," అన్నాడు పిల్లప్ప.

"ఎట్ల తెలిసేది?"

ఎలా తెలుస్తుందో ముగ్గురికీ తెలుసు. ఒక గింజ తెచ్చి బిడ్డ నోట్లో పెట్టి చూడాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కళాయి నిలిచిందో లేదో చూడాలంటే పులుసు పోసి చూడొచ్చు. చెడితే మళ్ళీ వేయొచ్చు. బిడ్డ విషయంలో అలా చూడటానికి లేదు. అనుమానాన్ని అనుమానంగానే పెట్టుకుని బతకాలి.

*

అయివారు విని నవ్వలేదు గానీ, నమ్మనూ లేదు. "శెనక్కాయలు తినేదానికి జనం తిరనాళ్ళకు పోతారప్పా. అవి తిని ఎవరన్నా చస్తారా?"

"నేను గూడా అట్లే అనుకుంటా ఉండాను అయివారా. కానీ డాక్టరు కనిపెట్టమన్నాడు. మాకు కనబడింది ఇదొక్కటే."

"మరి బడిలో అవి ఆపేయమంటావా?"

పిల్లప్ప నోరు తెరిచాడు. వరండాలో కూర్చున్న పిల్లలు కనిపించారు. బక్క మెడలు, ఉబ్బిన పొట్టలు. ముత్తప్ప మూట వచ్చిన రోజుల్లోనే వాళ్ళ పులుసుకు కాస్త రుచి. ఇంట్లో అది కూడా దొరకని వాళ్ళే ఎక్కువ.

"ఆపొద్దు," అన్నాడు.

తిమ్మక్కే మధ్యలో అందుకుంది. "పొడి ఏసే ముందరే బిడ్డకు వేరే తీసి పెడతాను అయివారా. దాని గిన్నె వేరే, గరిట వేరే. నేను చూసుకుంటాను. మిగతా యాళ గూడా చూసుకోమంటే మాత్రం నా వల్ల కాదు. ఎవురి జేబులో ఏముండాదో నాకేం తెలుసు? పిలకాయలు ఏంచిన కాయలు జేబుల్లో పోసుకోని వస్తారు."

అయివారు పేరు కొట్టేయలేదు. ఆ మాట వెనక్కీ తీసుకోలేదు.

ఇంటికి పోయి పిల్లప్ప చెక్క డబ్బాను తెచ్చి అంకప్ప బర్రె తొట్టిలో కుమ్మరించాడు. డబ్బా కూడా అక్కడే వదిలేశాడు. "ఏంటప్పా ఇయ్యాల దానం?" అని అంకప్ప అడిగితే, "బర్రెకు పడతాది," అన్నాడు. పాత మెరుగు గుడ్డలన్నీ కొలిమిలో వేసి కాల్చాడు. పటకారూ, సుత్తీ, కూర్చునే పీటా బూడిదతో తోమాడు. చివరికి చేతులు తోముకున్నాడు. గోళ్ళ కింద ఎంత గీకినా ఆ వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఆ రోజు బిడ్డను ఎత్తుకోలేదు.

మరునాడు మంజులమ్మ తిత్తి కొట్టింది. పిల్లప్ప మూతగిన్నెను పూర్తిగా గీకి, మడత అంచును సుత్తితో విప్పి చదును చేశాడు, ఏదీ దాగడానికి చోటు లేకుండా. మళ్ళీ కళాయి వేశాడు. ఒక ఇత్తడి గరిటకూ వేశాడు. నీళ్ళలో ముంచి తీశాక చెయ్యి అలవాటు కొద్దీ డబ్బా ఉండే మూలకు పోయింది. అక్కడ ఖాళీ చూసి వెనక్కి వచ్చింది. చింతపండూ బూడిదా వేసి రుద్దాడు. నవాసాగరం వాసన అలాగే నిలిచింది. మెరుపు మబ్బు పట్టినట్టు ఉంది. ఏ సంతలోనైనా ఈ గిన్నె పెట్టి ఇది పిల్లప్ప కళాయి అంటే ఎవరూ ఒప్పుకోరు.

"అంజీ, దీనిమింద నీ పేరు రాయి."

"మొత్తం పేరా?"

"మొదటి అచ్చరం చాలు."

అంజి బొగ్గుతో మూతమీద పెద్దగా 'అం' అని రాసింది. పిల్లప్ప సన్న ఉలి తీసుకుని ఆ గీత వెంబడే చుక్కలు కొట్టాడు. ఆ అక్షరం ఏదో అతనికి తెలియదు. ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి ఎక్కడ ఆగుతుందో చేతికి తెలిసింది. పక్కనున్న సున్నా దగ్గర అంజి వేలు పెట్టి, "ఇది గుండ్రంగా రావల్ల నాయనా, వంకరగా కాదు," అంది. దాన్ని దిద్దాడు.

"చూడమ్మే. ఎవురేమిచ్చినా తినొద్దు. నీ గిన్నెలోదే తినల్ల."

"నా పక్కన కూసునే పిల్లమ్మ ఇస్తే?"

"పిల్లమ్మ ఇచ్చినా తినొద్దు."

"బెల్లం ఇస్తే?"

పిల్లప్ప ఆలోచించాడు. బెల్లం ఏ చేతుల మీదుగా వస్తుందో, ఆ చేతులు అంతకు ముందు ఏం ఒలిచి ఉంటాయో. "బెల్లం గూడా ఇంటికి తెచ్చుకో. అమ్మ కడిగిస్తాది."

"బెల్లం కడిగితే కరిగిపోతాది గదా నాయనా."

పిల్లప్ప మూతను గిన్నెమీద పెట్టి గట్టిగా నొక్కాడు.

సోమవారం తెల్లారి గిన్నె, మూత, గరిట గుడ్డలో కట్టుకుని, అంజిని ముందు నడిపించుకుంటూ బడికి పోయాడు. చావడిలో పొయ్యి అప్పుడే అంటుకుంటోంది. మూలన ముత్తప్ప మూట అలాగే ఉంది, సగం దిగిపోయి, మూతి తాడుతో బిగించి. పిల్లప్ప దాని వైపు ఒకసారి చూశాడు. చేయగలిగిందంతా తన చేతిలోని ఆ చిన్న మూటలో ఉంది. మిగిలింది ఇక్కడ, ఈ చావడిలో, ఆ వరండాలో, పిల్లల జేబుల్లో ఉంది. అక్కడికి అతని చెయ్యి చేరదు.

ఆ మూటకు దూరంగా, ఎదుటి గోడమీద, పిల్లలెవరికీ అందనంత ఎత్తులో కొత్తగా ఒక మేకు కొట్టి ఉంది.

"తెచ్చినావా?" అంది తిమ్మక్క.

"తెచ్చినాను. వాసనొస్తాది నాలుగు పూటలు. పోతాది."

"రానీలే."

పిల్లప్ప గుడ్డ విప్పి గిన్నె ముందుకు చాచాడు. తిమ్మక్క చేతులు చాచలేదు. పొయ్యి దగ్గర నుంచి గుప్పెడు బూడిద తీసుకుని బయటికి పోయింది. తొట్టి దగ్గర నిలబడి, వేళ్ళ సందులూ గోళ్ళూ మోచేతులదాకా తోముకుంది. నీళ్ళు పోసుకుంది. మళ్ళీ తోముకుంది. కొంగుకు తుడుచుకోబోయి, ఆగి, తడిచేతులు గాలికి విదిలించుకుంటూ లోపలికి వచ్చింది.

"ఇప్పుడియ్యి," అంది.

పిల్లప్ప గిన్నెను ఆ చేతుల్లో పెట్టాడు.